బజారులో నేర్చుకున్న అరబిక్

ఏమండీ,

మీ సంవత్సరీకానికి ఇంకా వారం ఉంది. ఇవాళ మన సుధ నన్ను ఇక్కడ అమెరికాలో, నోవై ఊళ్లో కంటి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లింది. అక్కడ ఒక ముసలావిడ ఆపరేషన్‌కి లోపలికి రానని ఏడుస్తోంది. కొడుకు దింపేసి ఆఫీసుకి వెళ్లాడట. నర్సుకి ఆవిడ మాట అర్థం కావడం లేదు. నాకు అర్థమైంది. ఆవిడది లిబియా.

మీరు అక్కడి ట్రిపోలీ ఆస్పత్రిలో పనిచేసిన ఆరేళ్లూ నేను బజారులో నేర్చుకున్న భాషని కూరగాయల అరబిక్ అని ఏడిపించేవారు. ఆ అరబిక్‌లోనే, "భయపడకు అక్కా, నాకూ చేశారు, నొప్పి ఉండదు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

సుధ ఆశ్చర్యపోయింది. "అమ్మా, నీకు అరబిక్ వచ్చా? ఎప్పుడూ చెప్పలేదు నాకు" అంది.

ఏడుపు తగ్గాక ఆవిడ, "మీ ఆయన ఎక్కడ?" అని అడిగింది. చనిపోయారని అరబిక్‌లో ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఆస్పత్రిలో మీకు ఆ మాట అవసరపడేది, బజారులో నాకు ఎప్పుడూ పడలేదు. వచ్చిన మాటల్లోనే వెతుక్కుని, ఇంట్లో ఉన్నారని చెప్పాను.

"అయితే నా సలాం చెప్పు" అని లోపలికి వెళ్లింది.

చెబుతున్నాను.