అటెండరు లేని పెట్టె

చిత్తూరు,
20 సెప్టెంబరు 2005

చిరంజీవి రఘునాథ్‌కు,

బావ దేవరాజులు రాసుకునేది. ఇక్కడ నేను, మీ అక్క చెంగమ్మ బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావా అని అడగడానికి నోరు రావడం లేదు కాబట్టి అడగడం లేదు. ఫోను పెట్టుకుని ఈ మనిషి ఉత్తరాలు రాస్తున్నాడేమిటా అనుకుంటావేమో. మా ఇంట్లో ఫోను హాల్లో ఉంది, హాల్లో మీ అక్క ఉంటుంది. తమ్ముడి లైసెన్సు పోతుందని విన్నప్పటి నుంచి ఆమె సరిగా అన్నం తినడం లేదు. నేను ఫోను ఎత్తితే చాలు, వచ్చి నా మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. ఆమె ఎదుట నీతో ఏం మాట్లాడను?

జరిగింది మళ్ళీ మళ్ళీ తలుచుకుంటున్నాను. వాగు మీద వంతెన పనికి నీ పేరున ముప్పై ఒక్క శాతం లెస్సుకు టెండరు పడింది. సర్కారు వేసిన అంచనాలో అంత తగ్గించుకుంటే సిమెంటుకూ ఇనుప కమ్మీకీ చాలదు, ఇంక కూలీలకు ఏం ఇస్తావు? పని ఒప్పుకుంటే ఇల్లు మునుగుతుంది. ఒప్పుకోకపోతే లైసెన్సు రద్దు. నేను వేయలేదు మొర్రో అని నువ్వు మొత్తుకుంటే ఇంజనీరు ఏమన్నాడు? "నీ డిజిటల్ కీ, నీ పాస్‌వర్డు. మాకు అదే నీ సంతకం." బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క సంతకమైపోయింది రఘూ. మనిషి ఎదురుగా నిలబడి కాదన్నా దాని మాటే చెల్లుతుంది.

పోలీసు కంప్లైంటు ఉంటే విచారణ తేలేదాకా లైసెన్సు రద్దు చెయ్యబోమని ఆఫీసులో అన్నారు కాబట్టి నువ్వు కంప్లైంటు ఇచ్చావు. నెట్ సెంటరులో పనిచేసే స్రవంతి పేరు రాశావు. మన ఎనిమిది మంది కాంట్రాక్టర్ల కీలూ నా బీరువాలోనే ఉంటాయి, కాగితాలు ఎక్కించాల్సి వస్తే ఆమె సెంటరుకు పంపుతాను. నా చేయి దాటితే ఆమె చేతికే వెళ్ళాలి. నిన్ను తప్పు పట్టడం లేదు. నీ స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారు.

నిన్న గోవిందస్వామి వచ్చాడు. స్రవంతి తండ్రి, మన పనుల్లో ఇరవై ఏళ్ళు మేస్త్రీగా చేసిన మనిషి. లోపలికి రమ్మంటే రాలేదు, గేటు పట్టుకునే మాట్లాడాడు.

"సామీ, మా పాపను రెండుసార్లు స్టేషనుకు పిలిపించినారు. సెంటరు ఓనరు ఇంక రావొద్దని సెప్పేసినాడు. మీ ఇంటికొచ్చి మీకు కంప్యూటరు నేర్పించిన బిడ్డ సామీ అది. దాని సంగతి మీకు తెల్దా? ఒక్క మాట సెప్పండి."

"విచారణ జరగనీ. తప్పు ల్యాకుంటే ఏమీ కాదులే" అన్నాను.

పెద్దమనిషి మాట చెప్పాను కదా, వాడు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ దండం నాకు ఇంకా అరగలేదు.

నువ్వు ధైర్యంగా ఉండు. వేళకు తిను. లైసెన్సు విషయం నా మీద వదిలెయ్.

నీ మేలు కోరే బావ,
దేవరాజులు


చిత్తూరు,
27 నవంబరు 2005

రఘూ,

ఈసారి చిరంజీవి అని రాయలేదు. అది దీవించే యోగ్యత ఉన్నవాళ్ళు రాయాల్సిన మాట. ఇది ఒంటరిగా కూర్చుని చదువు. నీ పేరు మీద ఆ టెండరు వేసింది నేనే.

ముందు ఆ ముక్క రాసేశాను. తర్వాత రాద్దామనుకుంటే నాలుగు పేజీలు నింపి కూడా రాయకుండా ముగించేవాణ్ణి. రెండు నెలలుగా అదే చేస్తున్నాను.

పాత రోజులు నీకు గుర్తు చెయ్యాల్సిన పని లేదు. కానీ నా బుర్ర ఎలా పనిచేసిందో చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. డివిజన్ ఆఫీసు ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్లో మన ఎనిమిది మందీ చేరేవాళ్ళం. అందరూ రేటు నింపని ఖాళీ టెండరు షెడ్యూళ్ళ మీద సంతకాలు పెట్టి నా చేతికి ఇచ్చేవాళ్ళు. ఈ పని ఎవరి వంతో నేను చెప్పేవాణ్ణి. వంతు ఉన్నవాడికి తగిన రేటు, మిగతావాళ్ళకు అంతకు పైన. లక్క సీలు వేసి ఆఫీసులోని టెండరు పెట్టెలో పడేసేవాళ్ళం. ఒక్కరు కూడా ఎందుకన్నా అని అడిగింది లేదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేంత నమ్మకం, రఘూ. మా నాయన కూడా నన్ను అంత నమ్మలేదు.

బయటి ఊరివాడు ఎవరైనా మన పనికి వస్తే నా దగ్గర ఒక మందు ఉండేది. మనలో ఒక చిన్నవాడి పేరున ఎవరూ చెయ్యలేనంత తక్కువకు ఒక కవరు పడేసేవాణ్ణి. అటెండరు ఏకాంబరం ఆ సంగతి బయటివాడి చెవిన వేసేవాడు. వాడు బెదిరిపోయి సాయంత్రానికి హోటలుకు వచ్చి, ఇదేం పిచ్చి రేటప్పా, మాట్లాడుకుందాం అనేవాడు. మాట్లాడుకునేవాళ్ళం. మర్నాడు పెట్టె తెరిచేలోపు ఏకాంబరం ఆ కవరు తీసి నా చేతిలో పెట్టేవాడు. ఇరవై ఏళ్ళు. ఒక్కసారి కూడా తప్పిపోలేదు.

కంప్యూటరు వచ్చాక అందరూ ఏం చేశారు? ఖాళీ షెడ్యూళ్ళు ఇచ్చినట్టే కీలు తెచ్చి ఇచ్చారు, చీటీల మీద పాస్‌వర్డులు రాసిచ్చారు. నేనూ అలాగే తీసుకున్నాను. పెట్టె మారింది, మనుషులం మనమే కదా అనుకున్నాను.

వంతెన పని నీ వంతు. ఆగస్టులో ఎవరో నెల్లూరు కాంట్రాక్టరు వాగు దగ్గరికి వచ్చి చూసిపోయాడని విన్నాను. నీకు ఆ పని ఎంత అవసరమో నాకు తెలుసు. వినాయక చవితి రోజు మీరు మా ఇంటికి భోజనానికి వచ్చారు. నువ్వు లోపల తింటున్నావు. నేను ముందుగదిలో కంప్యూటరుకు నీ కీ పెట్టి, చీటీ చూసి, నీ పేరున ముప్పై ఒక్క శాతం కొట్టాను. రెండు రోజుల గడువుంది, ఈలోపు వాడు బెదిరి వస్తాడు, మాట్లాడి పంపించేసి దాన్ని తీసేసి నీ సరైన రేటు వేద్దామని. నీకు చెప్పలేదు. ఇలాంటివి ఎప్పుడు చెప్పాను గనక?

ఆ రెండు రోజులూ ఫోను పక్కనే కూర్చున్నాను. ఎవరూ చెయ్యలేదు. ఎందుకు చేస్తారు? నేను వేసింది ఎవరికీ కనిపించదు. ఎవరు వేస్తున్నారో నాకూ కనిపించదు. ఎవరిని బెదిరిస్తున్నానో తెలియకుండా, ఎవరికీ వినిపించకుండా బెదిరించి, వాడు దండం పెట్టుకుంటూ వస్తాడని కాచుకు కూర్చున్నాను. అరవై ఏళ్ళ వయసులో నా తెలివి ఇది.

శుక్రవారం ఐదు గంటలకు గడువు అయిపోయింది. అప్పుడు కూడా నాకు గుండె జారలేదు. తెరిచేది సోమవారం కదా, మధ్యలో రెండు రోజులున్నాయి కదా అనుకున్నాను. ఐదు దాటితే ఇంకెవరూ ముట్టలేరని స్రవంతి నాకు నేర్పేటప్పుడే చెప్పింది. నేను నవ్వాను. పసిపిల్ల, ఆఫీసుల సంగతి దీనికేం తెలుసు అనుకున్నాను. శనివారం పొద్దున నిదానంగా కాఫీ తాగి ఏకాంబరం ఇంటికి వెళ్ళాను. వాడు నా మొహం వింతగా చూశాడు.

"పెట్టె యాడుండాదని నా దగ్గరికొచ్చినావు సామీ? అది హైదరాబాదులో ఉండాదంట. దానికి అటెండరు ల్యాడు."

అప్పుడు కూర్చున్నాను వాడి ఇంటి అరుగు మీద.

సోమవారం తెరిచారు. మంగళవారం సాయంత్రం నువ్వు ఫోను చేసి, బావా ఇదెట్ల జరిగింటుంది అని అడిగావు. నేను చెప్పబోయాను, నిజం. నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన మీ అక్క. ఊళ్ళో ఎనిమిది మంది నమ్మిన మనిషిని. "ఆ నెట్ సెంటరు పిల్ల తప్ప దాన్ని ఇంకెవురు ముట్టినారు రఘూ?" అన్నాను. అంతే, ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యానికి ఆ పిల్ల బతుకు బజారున పడింది. గోవిందస్వామి నా పని మానేశాడు. రోడ్డు మీద కనిపిస్తే ఇంకా దండం పెడుతున్నాడు, నాకు అదే భరించరానిదిగా ఉంది.

రెండుసార్లు స్టేషను మెట్ల దాకా వెళ్ళాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక వెనక్కి వచ్చేశాను. నాకు తిండి మీద, నిద్ర మీద, ఈ పేరు మీద దేనిమీదా ఆశ లేదు. నేను పిరికివాణ్ణి రఘూ. నీకు చెప్పుకుంటే నువ్వు నన్ను చొక్కా పట్టుకుని ఆ మెట్లు ఎక్కిస్తావని రాస్తున్నాను. నువ్వు తిట్టు, కొట్టు, మా గడప తొక్కకు. మీ అక్కకు మాత్రం ఇంకా తెలియదు.

దేవరాజులు


చంద్రగిరి,
3 డిసెంబరు 2005

బావకు,

రఘు నమస్కారాలు. నీ ఉత్తరం అంది మూడు రోజులైంది. చదివి కోపంతో ఊగిపోయి ఉంటానని అనుకుంటున్నావేమో. అలాంటిదేమీ లేదు. నువ్వు రాసింది సెప్టెంబరు పదమూడో తేదీ నుంచీ నాకు తెలుసు.

ఆ మంగళవారం పొద్దున ఎందుకో చెప్పకుండా నీ దగ్గర నా కీ అడిగి తీసుకున్నాను గుర్తుందా? తిన్నగా నెట్ సెంటరుకు వెళ్ళాను. ఆ అమ్మాయిని నానా మాటలూ అన్నాను. ఆమె కుర్చీ జరిపి, "మీ పాస్‌వర్డు మీరే కొట్టండి సార్, సూద్దాం" అంది. తెరిచి చూసి ఒక కాగితం అచ్చు తీసింది. టెండరు అందినట్టు రసీదు. సెప్టెంబరు ఏడు, పన్నెండు గంటల పది నిమిషాలు.

"చవితి పొద్దు మా సెంటరు తెరవనే ల్యాదు సార్. నేను మాయమ్మతో కాణిపాకంలో లైన్లో నిలబడుకోని ఉంటిని. ఆ పొద్దు కీ ఎవరికాడ ఉన్నిందో మీకు తెలుసు గదా" అంది. నాకు తెలుసు. పన్నెండు గంటల పది నిమిషాలకు నేను మీ వంటింటి ముందు ఆకు దగ్గర కూర్చుని ఉన్నాను. ముందుగదిలో నువ్వు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను. పండగ పూట కూడా ఆ కంప్యూటరేనా అని అక్క విసుక్కుంటూ నాకు పాయసం పోసింది.

ఆ అమ్మాయి కాగితం నా చేతికే ఇచ్చింది. ఇంకో కాపీ తీసుకోలేదు. "పెద్దాయనతో మీరే మాట్లాడుకోండి సార్. నేను ఎవరితోనూ అనను" అంది. నీ పరువు పోకూడదని చూసింది బావా, ఆ పిల్ల.

ఆ సాయంత్రం ఫోను చేసినప్పుడు కాగితం నా జేబులోనే ఉంది. నువ్వే చెప్తావని ఎదురుచూశాను. నువ్వు ఆమె పేరు తీశావు. సరే బావా అన్నాను. గురువారం వెళ్ళి కంప్లైంటు రాసిచ్చాను.

అక్క కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. నీ పేరు బయటికి వస్తే ఎనిమిది మందిలో నాకు చోటుండదు, ఇంకెప్పటికీ నా వంతు రాదు అన్న భయం మిగతా సగం. టెండర్లన్నీ కంప్యూటరులోకి వెళ్ళిపోయినా నేను ఇంకా నా వంతు కోసమే కాచుకుని ఉన్నాను.

నువ్వు ఒక వాక్యం అన్నానని ఏడుస్తున్నావు. నేను చేసింది విను. స్టేషనులో మా ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. ఎస్సై ఆమెను గద్దించాడు. ఆమె భయపడలేదు. "రసీదు సార్ దగ్గరే ఉండాది, టైము సూడండి. అడగండి ఆయన్ను" అంది. నా వైపు తిరిగి, నేను తీసి చూపిస్తానని నిలబడింది. అంత నమ్మకంగా నన్ను ఎవరూ చూడలేదు. ఎస్సై అడిగాడు.

"ఏం రసీదు?" అన్నాను.

ఆమె ఇంక మాట్లాడలేదు. అడిగినవాటికి కూడా జవాబు చెప్పలేదు. అందుకే అందరూ తప్పు ఆమెదే అనుకున్నారు.

నీ ఉత్తరం చదివాక నిన్న రేణిగుంట వెళ్ళాను. స్రవంతి అక్కడ ఒక గోడౌనులో అట్టపెట్టెలకు చీటీలు అంటించే పనిలో ఉంది. కబురు పంపితే బయటికి వచ్చింది. చేతులకు బంక. ఆ కాగితం తీసి ఆమె ముందు పట్టుకున్నాను. మడతల దగ్గర చిరిగిపోయింది. ఆమె దాన్ని తాకలేదు కూడా.

"నాకెందుకు సార్ సూపిస్తారు? నాకు తెలుసు గదా" అంది. పని ఉందని లోపలికి వెళ్ళిపోయింది.

నన్ను చొక్కా పట్టుకుని లాక్కుపొమ్మని రాశావు. నా చొక్కా ఎవరు పట్టుకోవాలి? గురువారం పొద్దున పది గంటలకు స్టేషనుకు వస్తున్నాను. ఆ రసీదు, నీ ఉత్తరం రెండూ తీసుకొస్తున్నాను. మెట్ల దగ్గర నీకోసం ఆగను, వస్తే నాకంటే ముందే వచ్చి ఉండు. లైసెన్సు ఎలాగూ పోతుంది. ఆ పిల్ల మళ్ళీ మన మొహం చూస్తుందని కూడా ఆశ పెట్టుకోలేదు.

ఈలోపు అక్కకు నువ్వే చెప్పు. నీ సంగతి చెప్పి ఆపెయ్యకు. నా సంగతి కూడా చెప్పు.

రఘునాథ్