గడియ పడని తూటాలు

మోంటానా, ఆగస్టు

తూటాల అచ్చులు చేసే కంపెనీ వారికి ఓర్ఫా టెంగెల్ నమస్కరించి రాయునది.

నేను బడికి పెద్దగా పోలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. మా అబ్బాయి గారెట్ పనిగదిలో మీ అచ్చు, దాన్ని నొక్కే యంత్రం, కాఫీ డబ్బా నిండా పేల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలు ఉన్నాయి. వేట మొదలయ్యే రోజు పొద్దున వాడి తుపాకీ వాడికిష్టమైన కొండమీద పేలాలి, వాడు దాచిన గొట్టాలతోనే పేలాలి. ఇది నా పంతం. గొట్టాలు మళ్ళీ నింపే పని వాడిదే. ఇప్పుడు వాడు చెయ్యలేడు కనుక నేనే మొదలుపెట్టాను. మీ అచ్చులో నొక్కిన గొట్టం వాడి తుపాకీలో పెడితే దాని వెనక మూసే గడియ సగం దాకా వచ్చి మొండికేస్తోంది. మీ అచ్చు బాగాలేదు. ఏం చేస్తారో చెప్పండి.

ఇట్లు,
ఓర్ఫా టెంగెల్

తా.క.: మోకాలు ఆనించి తోసి చూశాను. మోకాలు వాచింది. గడియ అలాగే ఉంది.

* * *

ఓర్ఫా అమ్మగారికి, కంపెనీ తరఫున వెండెల్ ప్రూయిట్ వినయంగా రాసేది.

ముందు ఆ మోకాలు తీసెయ్యండమ్మా. గడియను బలవంతంగా తోయకూడదు. కొన్ని తుపాకుల్లో తూటా కూర్చునే అర మరీ బిగుతుగా ఉంటుంది. మామూలు అచ్చు గొట్టం అడుగుభాగాన్ని అంత సన్నగా నొక్కదు. అందుకు బిగుతు అచ్చు వేరే ఉంది, పంపుతున్నాను. నొక్కేముందు గొట్టానికి జిడ్డు రాయడం మరవకండి.

కోపగించుకోనంటే ఒక మాట. కన్నతల్లి ఇంత అవస్థ పడుతుంటే మీ అబ్బాయి ఏం చేస్తున్నట్టు, పడుకున్నాడా? నా మాటగా నాలుగు చీవాట్లు పెట్టండి.

మీ విధేయుడు,
వెండెల్ ప్రూయిట్

తా.క.: మా ఇంట్లోనూ ఒకడున్నాడు. దుప్పటి లాగితే గాని లేవడు.

* * *

వెండెల్ గారికి ఓర్ఫా రాయునది.

మీ ఉత్తరం చదివాను. మా గారెట్ పడుకునే ఉన్నాడండి, చర్చి వెనకాల. మార్చిలో మంచుమీద వాడి ట్రక్కు జారింది. మీకు తెలియదు, మిమ్మల్ని తప్పుపట్టను. దుప్పటి లాగే భాగ్యం ఉంది మీకు, లాగండి. కాస్త మెల్లిగా లాగండి.

బిగుతు అచ్చు అందింది. జిడ్డు రాయమన్నారు కదా అని బేకన్ పందిమాంసం వేయించిన కొవ్వు దండిగా పూశాను. గొట్టం లోపల ఇరుక్కుని, లాగితే దాని అంచు చిరిగింది గాని అది రాలేదు. అచ్చుతో సహా పంపుతున్నాను. ఇంకా నొక్కనివి కూడా కొన్ని పెట్టాను, చూడండి.

ఇట్లు,
ఓర్ఫా

తా.క.: పెట్టె వాసనకి పోస్టాఫీసు ట్రూడీ గారి కుక్క టపా బండి వెనకాల పరిగెత్తింది. ఇంకా ఇంటికి రాలేదట. మీ దగ్గరికి వస్తే చెప్పండి.

* * *

ఓర్ఫా అమ్మగారికి వెండెల్ తలవంచుకుని రాసేది.

ఆ మాట రాసిన చెయ్యి విరిగిపోతే బాగుండుననిపించింది. ఆ సాయంత్రం మావాడి మంచం పక్కన ఊరికే కూర్చున్నాను. వాడు నన్ను చూసి హడలిపోయి తనంతట తనే లేచాడు.

ఇరుక్కున్న గొట్టం తీసి, అచ్చు తుడిచి పంపుతున్నాను. బేకన్ వద్దమ్మా. ఇందులో పెట్టిన డబ్బాలోని జిడ్డు వేలి చివరతో రాయండి, చాలు.

మీరు పంపిన గొట్టాలు కొలిచి బిత్తరపోయాను. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఆ తుపాకీ అర ఎంత ఉంటే అంత అవుతుంది. మీవాడిది బిగుతు అర. ఇవి ఉబ్బింది బాగా వదులు అరలో. ఈ గొట్టాలు మీ అబ్బాయి తుపాకీలో ఎన్నడూ పేలలేదు. ఎవరివో మరి.

మీ విధేయుడు,
వెండెల్

తా.క.: కుక్క రాలేదు. పెట్టె విప్పాక పనివాళ్ళందరూ వచ్చారు.

* * *

మోంటానా, అక్టోబరు

వెండెల్ గారికి ఓర్ఫా రాయునది.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నా కొడుకు పరాయివాళ్ళ గొట్టాలు ఎత్తుకొచ్చాడంటారా అని మిమ్మల్ని తిడుతూ ఒక ఉత్తరం రాసి, పొయ్యిలో వేసేశాను. తర్వాత నొక్కని గొట్టం ఒకటి జేబులో వేసుకుని బయల్దేరాను. ఆదివారం చర్చి భోజనాల దగ్గర, అదే కొలత తుపాకులున్న వాళ్ళందరి చేతా ట్రక్కుల్లోంచి తీయించి పెట్టి చూశాను. పాస్టరు గారిదీ వదల్లేదు. ఎవరి గడియా పడలేదు.

ఇక మిగిలింది ఏటి అవతల ఒక్క ఇల్లు. నా మాజీ మొగుడు ఎమ్మెట్‌ది. విడాకులయ్యాక ఆ గడప తొక్కనని గారెట్ చేత ఒట్టు వేయించుకున్నాను. ఎమ్మెట్ ఏమీ అడక్కుండా తుపాకీ చేతికిచ్చాడు. గొట్టం పెడితే గడియ వెన్నలో కత్తిలా దిగింది. అప్పుడు ఎమ్మెట్ నోరు విప్పాడు.

"ప్రతి వేటకాలం వచ్చేవాడు ఓర్ఫా. నా చేతులు వణుకుతాయి, తూటా మందు కొలిచి పోయలేను. నా తూటాలన్నీ వాడే కట్టేవాడు. అమ్మకి తెలిస్తే చంపేస్తుంది అనేవాడు."

"చంపేసేదాన్నే" అన్నాను. ఇద్దరం ఆ తుపాకీ పట్టుకుని ఏడ్చాం.

డబ్బాలోవన్నీ వాళ్ళ నాన్న వదులు తుపాకీవి. అందుకే వాడికి మామూలు అచ్చు సరిపోయింది. మీ అచ్చులో ఏ లోపమూ లేదని రాసిస్తున్నాను.

వేట మొదటిరోజు పొద్దున ఇద్దరం కొండెక్కాం. బిగుతు అచ్చులో నొక్కిన తూటా గారెట్ తుపాకీలో పెట్టి నేను పేల్చాను. ఎమ్మెట్ తన తుపాకీ ఎత్తితే అది ఊగిపోతోంది. కింద నా చెయ్యి ఆనించాను. అప్పుడు పేలింది.

ఇట్లు,
గారెట్ తల్లి ఓర్ఫా

తా.క.: దిగి వచ్చాక ఎమ్మెట్‌కి నేను చేసిన హకిల్‌బెర్రీ పండ్ల రొట్టె పెట్టాను. తీపి తక్కువైందన్నాడు. తుపాకీ నా పక్కనే ఉంది. అయినా ఇంకో ముక్క వేశాను.