ఊట దగ్గర తీసిన ఫోటో

బావా,

ఈరోజు ఉదయం పదకొండున్నరకి లక్ష్మీపూర్ ఘాట్ దిగువన మన రమణి కుడిచెయ్యి విరిగింది. విరిచింది ఊరివాళ్లు కాదు.

నువ్వు చనిపోయాక టూరిస్టుల జీపులో గైడుగా నీ కూతురే వెళ్తోంది. పొద్దున కొండమీది పాతకోట చూపించింది. ఊళ్లలోకి దిగేముందు, అక్కడివాళ్లు ఫోటోలకి ఒప్పుకోరని, నీలాగే కెమెరాలన్నీ గోనెసంచిలో వేయించి మూతి కట్టింది. టూరిస్టుల్లో ఒకాయన రెండో కెమెరా దాచుకున్నాడు. దారిలో ఊట దగ్గర స్నానం చేస్తున్న ఆడవాళ్లని ఫోటో తీశాడు.

వెంటనే జీపు మీద ఊరివాళ్ల రాళ్లు పడ్డాయి. అద్దం పగిలి డ్రైవరు తల చిట్లింది. ఒకతను గొడ్డలితో బానెట్ మీద నరికాడు. రీలు ఇచ్చేస్తే వదిలేస్తారని రమణి ఆ కెమెరా లాక్కుంది. ఆ టూరిస్టు రమణి చెయ్యి జీపు తలుపులో పెట్టి గట్టిగా మూశాడు. అయినా రీలు బయటికి లాగి రోడ్డు మీద పడేసింది. రాళ్లు ఆగాయి. డ్రైవరూ, మిగతా ఇద్దరు టూరిస్టులూ నాకు ఇదే చెప్పారు.

పోలీసులు మాత్రం ఊరివాళ్లిద్దరిని తీసుకెళ్లారు. చెయ్యి విరిచిందీ వాళ్లేనని ఆ టూరిస్టు ఫిర్యాదు రాసిచ్చాడు.

"నువ్వూ అదే సెప్పమ్మీ. పెద్ద పార్టీ, మళ్లీ వస్తారు" అన్నాడు ఆసుపత్రికి వచ్చిన జీపు యజమాని.

"సంచి కట్టకముందు ఆడి బేగు సూడకపోడం నా తప్పు, సావుకారూ. సెయ్యి ఇరిసింది మాత్రం ఆడే."

"మీ నాన్న నోరే నీకూ వచ్చింది. రేపట్నుంచి జీపెక్కవు మరి."

"ఎక్కను."

రేపు పదింటికి పోలీసులు రమణి వాంగ్మూలం తీసుకుంటారు. ఎడమచేత్తో సంతకం చెయ్యడం ఇప్పుడే మొదలుపెట్టింది.