నలభై రోజులు వినిపించను

1-2-46, శుక్రవారం. బెజవాడ, కొత్తపేట.

ఉదయం 6 గంటలు. స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని రాస్తున్నాను.

నిర్ణయం: నేటి నుంచి నలభై రోజులు, అనగా మార్చి 12 దాకా, నా రచనల్లో ఒక్క వాక్యం కూడా ఎవరికీ చదివి వినిపించను!

కారణం: కోటిలింగం. మా మంగళగిరివాడు. నాతో కలిసి పలక పట్టినవాడు. మగ్గం అచ్చిరాక బెజవాడ వచ్చి రైసు మిల్లులో ఇంజను డ్రైవరుగా చేరాడు. నేనూ మగ్గం మానేసి చౌడయ్యగారి బట్టల కొట్లో గుమాస్తాగా చేరాను. పదకొండేళ్ళుగా సాయంత్రం ఆరు కొట్టేసరికి మా అరుగు మీద ఉండేవాడు. మిగతా స్నేహితులు ఒక్కొక్కరే జారుకున్నారు (ఒకాయన ఇల్లే మారాడు). వీడు మాత్రం కదల్లేదు. నేను ఏది చదివినా ఆఖరికి "అద్భుతంరా!" అనేవాడు.

అలాంటివాడు పోయిన శనివారం నా నవల "కన్నీటి నేత" ఏడో ప్రకరణంలో కథానాయిక తల్లి ప్రాణం విడుస్తుంటే పకపకా నవ్వాడు!

నేను ఒక్క మాట కూడా అనలేదు. (నాలుగైదు అన్నాను.) వాడు తెల్లబోయి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆరు రోజులైంది. రాలేదు.

మొదట తప్పంతా వాడిదే అనుకున్నాను. నిన్న నా భార్య రావమ్మ వంకాయలు తరుగుతూ, "పదకొండేళ్ళు ఏడిపిస్తే ఏదో ఒకనాటికి నవ్వొస్తుంది కదండీ, పాపం" అంది. ఆలోచించాను. నిజమే. మనిషిని అరగదీశాను. నాకు వాడు కావాలి. నవల సంగతి తరవాత.

ఈ నలభై రోజులూ ఇతరుల పుస్తకాలు చదవాలి. టాకీలు చూడాలి. రేడియో వినాలి. అన్నీ ఇందులో రాయాలి. వాడు తిరిగొచ్చేసరికి నేను కొత్త మనిషినై ఉండాలి!

2-2-46, శనివారం

చదివినది: మద్రాసు పత్రికలో "రచయిత చదవవలసిన తీరు" అనే వ్యాసం. రెండోసారి. చదివేవాడు తాను ఏడవకూడదు, నవ్వకూడదు, చేతులు ఊపకూడదు. భావం వాక్యంలో ఉండాలి గాని మొహంలో కాదు అన్నాడు. ఎంత గొప్ప మాట! పోయిన శనివారం మొదటిసారి ఆ పద్ధతిలోనే చదివాను. మొహంలో ఒక్క నరం కదలకుండా పదకొండు పేజీలు! దానికి నవ్వు బహుమతి.

విన్నది: మునిసిపల్ పార్కులో రేడియో. పాట కచేరి. సగం గురగుర, సగం వేరుసెనక్కాయలవాడి కేక.

రాసినది: లేదు. వినేవాడు లేకుండా ఎలా రాస్తారో తెలియడం లేదు.

సాయంత్రం కోటిలింగం ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో వాడి భార్య చౌడేశ్వరమ్మ నిలబడింది.

"ఆయన ఇంకా మిల్లు నించి రాలేదన్నయ్యగారూ" అంది.

లోపల దగ్గు. వాడి దగ్గే. పాతికేళ్ళుగా ఎరుగుదును.

"అమ్మా, నలభై రోజులు ఏమీ చదవనని ఒట్టు పెట్టుకున్నానని చెప్పు. భయం లేకుండా రమ్మను" అన్నాను.

"భయం కాదండీ" అని ఆమె తల వంచుకుంది. "ఆయనకి చెవి బాగుండటంలేదండీ."

చెవి! శనివారం దాకా భేషుగ్గా ఉన్న చెవి! సాకు అల్లితే కాస్త నమ్మేటట్టు అల్లాలి. పదకొండేళ్ళు నా దగ్గర కథలు విని కూడా వీడికి అల్లిక రాలేదు.

3-2-46, ఆదివారం

చూసినది: టాకీ. పౌరాణికం. రాజుగారికి బాణం తగిలాక మూడు పద్యాలు పాడారు. నా ఐదో ప్రకరణంలో ఇంతకన్న మంచి చావు ఉందని పక్కాయనతో అన్నాను. "ఏమిటండీ అది?" అన్నాడు. పెదవి కొరుక్కున్నాను. చెప్పలేదు! దీక్ష అంటే ఇదీ!

చదివినది: ఒక నవల, నలభై పేజీలు. నాకన్న బాగా రాశాడు. మూసేశాను.

రాసినది: లేదు.

6-2-46, బుధవారం

కొట్లోకి కంట్రోలు ధరకి అమ్మే గుడ్డ వచ్చింది. వీధి మొదలు దాకా జనం. పామర్రు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి చీర కొలుస్తూ, "మా కథానాయిక కూడా అచ్చం ఇలాంటి చీరే కట్టుకునేదండీ" అన్నాను. "ఏ కథ బాబూ?" అందావిడ.

చదవలేదు. చెప్పాను. చదివి వినిపించనని రాసుకున్నాను గాని నోటితో చెప్పనని ఎక్కడా రాసుకోలేదు. కావలిస్తే మొదటి పేజీ చూసుకోవచ్చు. మూడు ప్రకరణాలు చెప్పాను. గజంబద్ద ఎక్కడ ఆగిందో మళ్ళీ దొరకలేదు.

చౌడయ్యగారు కూచున్నచోటు నుంచే, "మార్కండేయులూ, ఒక్క చీర కొలవడానికి అంతమంది చావాలటయ్యా?" అన్నారు.

పెద్దావిడ గుడ్డ తీసుకుని వెళుతూ ఆగి, "తల్లి బతికిందా బాబూ?" అని అడిగింది. మంచి మనిషి. కోటిలింగం అడగలేదు. నవ్వాడు.

10-2-46, ఆదివారం

గుణదల తిరునాళ్ళు. రావమ్మకి మొక్కుంది. ఇసక వేస్తే రాలనంత జనం. కొండ ఎక్కుతుంటే ఇరవై అడుగుల ముందు కోటిలింగం వీపు!

"కోటిలింగం!" అని మూడుసార్లు పిలిచాను. కొండ మీద జనమంతా తిరిగి చూశారు. వాడు తప్ప. అంతలో మరమరాలు అమ్మే ఆవిడ వాడి ఎదురుగా నిలబడి ఏదో అడిగింది. చక్కగా జవాబు చెప్పాడు! నవ్వుతూ బేరం కూడా ఆడాడు!

చెవి బాగుండదట. మరమరాల ఆవిడ దగ్గర బాగుంటుంది.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఏడుపొచ్చింది. నవలలో రాసే ఏడుపు కాదు.

చూసినది: వాడి వీపు.

14-2-46, గురువారం

చదివినది: కిరసనాయిలు పంపిణీ నోటీసు. మూడు వాక్యాలు. శైలి బాగుంది.

ఉదయం 7 నుంచి 11 దాకా కిరసనాయిలు క్యూ. నా ముందు అరవై మంది. వెనక నలభై. ఒక్కరూ కదలరు. కదిలితే వరస పోతుంది! ఇంత నిలకడైన శ్రోతలు ఏ సభలో దొరుకుతారు?

సంచీలో డబ్బా పక్కన నోటుపుస్తకం ఎలా వచ్చిందో నాకు తెలియదు. పొరపాటున తీశాను. పొరపాటున తెరిచాను. నాలో నేనే చదువుకున్నాను, కాస్త గట్టిగా.

నా ముందు ఇశ్రాయేలు మేష్టారు. మిషన్ బడిలో తెలుగు చెబుతారు. రెండో ప్రకరణం మధ్యలో వెనక్కి తిరిగి, "ఏవండీ, అశ్రుబిందువు ఇప్పటికి పద్నాలుగు సార్లు రాలిందండీ" అన్నారు.

"లెక్కపెట్టారా!" అన్నాను. ఆనందం పట్టలేకపోయాను.

"ఏం చెయ్యమంటారండీ? ఇక్కణ్ణించి పోతే నూనె పోతుంది."

మా వంతు వచ్చేసరికి నూనె అయిపోయింది. నవల అవలేదు. వెనక నుంచి ఎవరో అరిచారు: "రేపు కూడా వస్తారేంటండీ? అయితే మేం చీకట్లోనే కూచుంటాం!"

15-2-46, శుక్రవారం

నిన్న జరిగింది దీక్షాభంగం కాదు. వినిపించడం అంటే కూచుని చేసే పని. నేను నిలబడి ఉన్నాను. పైగా వాళ్ళు వినడానికి రాలేదు, నూనెకి వచ్చారు. పైగా మేష్టారు లెక్కపెట్టారే గాని విన్నారని చెప్పలేం.

ఇంకా కారణాలు ఉన్నాయి. రేపు రాస్తాను.

18-2-46, సోమవారం

కారణాలు రాయలేదు. చదివాను. రావమ్మకి, దోసెలు పోస్తుండగా. పోస్టుమానుకి, సంతకం పెట్టేలోపు నాలుగు పేజీలు. పాలావిడకి. పాలావిడ గేదెకి.

ఫలితం: దోసె మాడింది. పోస్టుమాను ఉత్తరాలు కిటికీలోంచి విసిరి పోతున్నాడు. పాలావిడ గిన్నె గడప బయట పెట్టమంటోంది. గేదె తల ఊపింది గాని దాని అలవాటే అంత.

దీక్ష ఉందో పోయిందో తెలియదు. అందరికీ చదివినా ఒక్కరూ "అద్భుతంరా" అనలేదు. సాయంత్రం ఆరయితే వీధి వంక చూస్తున్నాను. వాడి చెప్పుల చప్పుడు కోసం.

రాసినది: లేదు. వారం రోజులుగా ఇతరుల పుస్తకం చదవలేదు, టాకీ చూడలేదు, రేడియో వినలేదు.

22-2-46, శుక్రవారం

సాయంత్రం 4 గంటలకి చౌడేశ్వరమ్మ వచ్చింది. రావమ్మ పిలిపించిందట. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరూ నన్ను చూశారు.

"అన్నయ్యగారూ, మీరు కోప్పడనంటే ఒక మాట" అంది. "ఆయన చెవులు ఇప్పుడు పోయినయ్యి కావండీ. ఏడేళ్ళయింది. ఇంజను పక్కన నిలబడీ నిలబడీ పోయినయ్యి. మిల్లులో తెలిస్తే ఉద్యోగం తీసేస్తారని ఎవరికీ చెప్పలేదండీ. ఇంజను మీద చెయ్యి వేసి దాని సంగతి కనిపెడతారు. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి కనిపెడతారు."

"మరి నా కథలో?"

"మీరు పుస్తకం చూసి గబగబా చదువుతారు కదండీ, అదేం తెలుస్తుంది. మీరు నవ్వితే నవ్వేవారు. మీరు కళ్ళు తుడుచుకుంటే తుడుచుకునేవారు. ఆవేళ మీ మొహంలో ఏమీ తెలీలేదంట. చాలాసేపయింది కదా, ఒకసారి నవ్వాలేమో అనుకున్నారంట."

రాత్రి పాత నోటుపుస్తకాలన్నీ తీసి లెక్కపెట్టాను.

ఏడేళ్ళు! ముప్పై ఎనిమిది కథలు, రెండు నాటకాలు, ఏడు ప్రకరణాలు! బెజవాడ మొత్తం మీద నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్క మనిషి! చెవుడు నటించాడనుకున్నాను. వాడు నటించింది వినికిడి!

గంట సేపు కోపం. ఆ తరవాత కోపం నిలవలేదు. పొద్దుగూకులూ మిల్లులో నిలబడ్డ మనిషి, ఇంటికి కూడా పోకుండా, ఏమీ వినపడని చోటికి వచ్చి రోజూ గంటన్నర కూచున్నాడు. కథ కోసం కాదు. నా కోసం. ఈ ఏడేళ్ళలో వాడి సంగతి ఒక్కటైనా నేను అడిగి ఉంటే చెవుడు ఏనాడో తెలిసేది. సిగ్గేసింది.

ఈ సంగతి ఎవరికీ పొక్కకూడదు. వాడి ఉద్యోగం. డైరీలో కూడా రాయకూడదు. రాసేశాను!

24-2-46, ఆదివారం

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, వాడి ఎదురుగా, వెలుగులో నిలబడ్డాను. "తప్పు నాదిరా. రా" అన్నాను, మెల్లిగా. వాడు నా పెదాలు చూశాడు. కండువా తీసుకున్నాడు.

విన్నది: కోటిలింగం మాటలు. మా అరుగు మీద, గంట సేపు. "ఒకనాడు పొద్దున ఇంజను ఆగిపోయిందనుకున్నానురా. పరిగెత్తికెళ్ళి చూస్తే తిరుగుతానే ఉంది. ఆవేళ తెలిసింది నాకు" అన్నాడు.

చివరికి వాడే, "చదవవేంరా?" అన్నాడు.

"నీకు వినపడదు కదరా!"

"అయితే ఏం? చదువుతున్నప్పుడు నిన్ను చూడటం బాగుంటుందిరా. కొట్లో గజంబద్ద పట్టుకుని ఉంటావే, ఆ మొహం కాదది."

చదివాను. ఏడో ప్రకరణం, మొదటి నుంచి. మద్రాసు పత్రిక మాట పక్కన పెట్టి, చేతులు ఊపి, గొంతు తగ్గించి, ప్రతి మాటకీ తల ఎత్తి వాడి వంక చూస్తూ చదివాను. అలా చదివితే అశ్రుబిందువులు నాకే అడ్డం వచ్చాయి. ఐదారు దాటేశాను. తల్లి పోయేచోట నిజంగానే కళ్ళు తుడుచుకున్నాను. వాడు ఏడ్చాడు. చూస్తే రావమ్మ వీధి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచో తెలియదు. లోపల కూర మాడుతోంది.

"అద్భుతంరా" అన్నాడు కోటిలింగం. లేచి, చెప్పులు వేసుకుంటూ, "కాని ఒకటి చెప్పనా? ఆ మీసం కత్తిరించు. మాటలన్నీ మీసంలో పోతున్నయ్యి" అన్నాడు.

పదకొండేళ్ళలో నా రచన మీద వచ్చిన మొదటి విమర్శ!

25-2-46, సోమవారం

ఉదయం 7 గంటలు. మంగలి హనుమయ్య దగ్గరికి వెళ్ళి మీసం కత్తిరించుకుని, స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని రాస్తున్నాను.

దీక్ష మళ్ళీ మొదలు! నేటి నుంచి నలభై రోజులు, అనగా ఏప్రిల్ 5 దాకా. పాత నియమంలో చిన్న సవరణ: చెవులు వినపడేవాళ్ళు ఎవరికీ, కూచుని గాని, నిలబడి గాని, క్యూలో గాని, ఒక్క వాక్యం కూడా చదివి వినిపించను!

రావమ్మకి చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ చదివి, డైరీ నా చేతికిచ్చి, "అయితే ఎనిమిదో ప్రకరణానికి నేను చెవుల్లో దూది పెట్టుకోవాలా?" అంది.

జవాబు కోసం ఆగకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి, "తల్లి పోయాక ఆ పిల్లకి అన్నం ఎవరు పెట్టారండీ?" అని అడిగింది.

ఆ సంగతి నాకు తోచనే లేదు. ఆరింటిలోగా రాయాలి.