ఎర్ర బల్బు కింద పన్నెండు పిట్టలు

మార్చి 4

మా పరిశోధన పేపర్ అచ్చయింది. ఎనిమిదేళ్ళ పని, పదకొండు పేజీలు. పైన బావ పేరు, పక్కన పిట్టల గదిలో ఎప్పుడూ అడుగుపెట్టని ముగ్గురి పేర్లు. నా పేరు కోసం చివరిదాకా వెతికాను. ఆఖరి పేజీ అడుగున ఒక్క వాక్యం: ల్యాబ్ సిబ్బంది సహకారానికి కృతజ్ఞతలు. సిబ్బంది అంటే నేనూ, ఊడ్చే ఆవిడా. ఆవిడకి చదివి వినిపిస్తే మన గురించేనా అని మురిసిపోయింది.

ల్యాబ్‌లో ఆయన్ని సార్ అంటాను, ఇంట్లో బావ అంటాను, అక్క మొగుడు గనక. ఇవాళ రెండూ నోటికి రాలేదు.

మార్చి 5

అడిగేశాను. గీతలు లెక్కపెట్టడానికి బుర్రెందుకు, ఓపికుంటే చాలదా అని నవ్వాడు. పైగా మరదలివి, నీ పేరు పెడితే జనం ఏమనుకుంటారు అన్నాడు. ఉద్యోగం ఇప్పించిన రోజు ఈ జనం ఏమైపోయారో మరి.

ఆ గీతల సంగతి ఇక్కడ రాసుకుంటాను, ఇంకెక్కడా రాయనివ్వరు గనక. వలస కాలం వచ్చిందంటే పిట్ట పంజరంలో ఉన్నా కుదురుగా ఉండదు. పొద్దుగూకగానే వెళ్ళాల్సిన దిక్కుకి ఎగరబోతుంది. ఒక్కోదాన్నీ ఒక్కో గరాటులో పెడతాను, గరాటు లోపల చుట్టూ కాగితం. అది ఎటు ఎగరబోతే అటు గోళ్ళ గీతలు పడతాయి. గదికి కిటికీ లేదు. సూర్యుడు లేడు, చుక్కల్లేవు. అయినా ఉత్తరం ఎటో వాటికి తెలుసు. కంట్లో క్రిప్టోక్రోమ్ అని ఒక ప్రోటీన్ ఉంది. దాని మీద నీలం వెలుగో ఆకుపచ్చ వెలుగో పడితే లోపల ఎలక్ట్రాన్లు కదులుతాయి, భూమి అయస్కాంతం ఆ కదలికని కాస్త మారుస్తుంది. అంటే పిట్ట ఉత్తరాన్ని కంటితోనే చూస్తుందేమో అని మా వాళ్ళ నమ్మకం. ఎర్ర వెలుగు మాత్రం ఆ ప్రోటీన్‌ని లేపలేదు. ఎర్ర బల్బు కింద పిట్టకి దిక్కు తోచదు.

మా గదిలో వెలుగు ఎంత సన్నగా ఉండాలో కనిపెట్టింది నేను. ఆకుపచ్చ బల్బుకి పల్చటి కాగితం పొరలు చుట్టి, ఒక్కో పొరా తీస్తూ రెండేళ్ళు లెక్కపెట్టింది నేను. గీతలు నావి, రాతలు ఆయనవి.

మార్చి 7, సాయంత్రం 6

బల్బు మార్చాను.

మార్చి 8

ఆకుపచ్చది తీసి ఎర్రది పెట్టాను.

వచ్చే నెల సదస్సులో బావ కొత్త ప్రయోగం చూపించాలి. గది చుట్టూ చుట్టిన రాగి తీగలో కరెంటు పంపి ఉత్తరాన్ని తూర్పుకి తిప్పుతాం. పిట్టలు కూడా అటు తిరిగితే ఆయనకి అవార్డు ఖాయం అంటున్నారు. తిరగవు. ఖాళీ చేతులతో వేదిక ఎక్కి, అందరి ముందూ నీళ్ళు నమలాలి. నాక్కావలసింది అదే.

గదిలోకి వచ్చి ఎర్ర వెలుగు చూస్తాడన్న భయం లేదు. ఎనిమిదేళ్ళలో మూడుసార్లొచ్చాడు. రెండుసార్లు ఫోటోల కోసం, మూడోసారి దారి తప్పి.

మార్చి 13

రోజూ బల్బు ఫోటో తీసి తేదీ రాసి పెడుతున్నాను. కుట్ర చేసినా లెక్క తప్పకూడదు. గీతలు నలుదిక్కులా పడుతున్నాయి. పిట్టలు మేత బాగానే తింటున్నాయి, వాటికేం హాని లేదు. ఏడో నంబరుది మాత్రం ఎగరడం మానేసి గరాటు అడుగున కూర్చుని నా వంకే చూసింది. నువ్వు నాకు నీతులు చెప్పకు అన్నాను.

మార్చి 18

అయిపోయింది. ఈసారి ఏ దిక్కూ లేదు సార్, అంతా చెల్లాచెదురుగా ఉంది అని చెప్పాను. నీ కళ్ళు అలిసిపోయాయి, నేను చూసుకుంటాలే అన్నాడు. కాగితాలు చాపితే పట్టుకోనైనా లేదు, బీరువాలో పెట్టమన్నాడు. పిట్టలెన్ని అని మాత్రం అడిగాడు.

పన్నెండు అన్నాను.

ఏప్రిల్ 3

సదస్సు. వెనక వరసలో కూర్చున్నాను, ఆయన పరువు పోతుంటే కళ్ళారా చూద్దామని. తెర మీద ఒక సున్నా గీశాడు, అందులో పిట్టకొకటి చొప్పున పన్నెండు బాణాలు. అన్నీ తూర్పుకే. ఒకటి కొంచెం పక్కకి వాలింది, నిజంలా కనపడాలి కదా. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని నవ్వాను. నేను కాలు అడ్డం పెడదామనుకుంటే ఆయన ఏకంగా గొయ్యి తవ్వుకుని దిగాడు. ఎర్ర బల్బు కింద ఏ పిట్టా అలా తిరగదు. నా దగ్గర ఫోటోలున్నాయి, కాగితాలున్నాయి.

ఏప్రిల్ 4

అక్కకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. తిన్నింటి వాసాలు లెక్కపెడతావటే అంది. వాసాలు కాదు, గీతలు లెక్కపెట్టాను అన్నాను. తర్వాత చాలా మెల్లిగా, ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటున్నావు, ఆ ఇంట్లో నువ్వూ ఉన్నావు చూసుకో అంది. తన ఇంటి గురించి అంటోందనుకున్నాను.

ఏప్రిల్ 5

ఫోటోలూ గీతల కాగితాలూ సంస్థ పెద్దలకి పంపేశాను.

ఏప్రిల్ 16

విచారణకి ఇద్దరొచ్చారు. లావు కళ్ళద్దాలావిడే అడిగింది. ఎవరికీ చెప్పకుండా బల్బు మార్చారా? మార్చాను. ఎందుకు? ఆయన్ని దెబ్బ కొట్టాలని. అబద్ధం చెప్పడం ఆయన పని, నాది కాదు. ఆవిడ తలూపి రాసుకుంది. తర్వాత, ఈ ఎనిమిదేళ్ళలో ఇంకెన్నిసార్లు మార్చారు అని అడిగింది.

ఈ ఒక్కసారే అన్నాను. అదీ రాసుకుంది. నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఆవిడ కుర్చీలో ఉంటే నేనూ నమ్మను.

ఏప్రిల్ 30

బావ ఉద్యోగం పోయింది. అక్క ఫోన్ ఎత్తడం లేదు.

ఉత్తర్వులో రెండో పేరా నా గురించి. సిబ్బంది అని కాదు, ఈసారి ఇంటిపేరుతో సహా రాశారు. ప్రయోగం నడిపిన మనిషే రహస్యంగా మార్పులు చేసినట్టు ఒప్పుకున్నందున, ఎనిమిదేళ్ళ కొలతలేవీ నమ్మదగినవి కావట. పేపర్లన్నీ వెనక్కి తీసుకుంటున్నారు. బీరువాలో ఉన్నవి నాలుగు వేల పైచిలుకు కాగితాలు. ప్రతి గీతా నిజం. బావ వాటినెప్పుడూ ముట్టుకోలేదు, నేనెప్పుడూ దిద్దలేదు. అవన్నీ చెత్తకింద లెక్క.

ఏడ్చాను. ఆయన కోసం కాదు, అక్క కోసం కూడా కాదు. మళ్ళీ అవకాశం వస్తే ఏం చేస్తానని నన్ను నేనే అడిగాను. బల్బు మారుస్తాను. అది తల్చుకుంటేనే ఇంకా ఏడుపొచ్చింది.

మే 3, సాయంత్రం

గది ఖాళీ చెయ్యమన్నారు. పంజరాలు ఆరుబయట పెట్టి తలుపులు తీశాను. కాసేపు పొదలో కూర్చున్నాయి. వెలుగు తగ్గగానే ఒకదాని వెనక ఒకటి లేచాయి.

ఎటు వెళ్ళాయో చూశాను. రాయను.