ప్యాకెట్ సూపుకి తాలింపు

విజయవాడ, ఆదివారం రాత్రి, 1976

చర్చి నుంచి వచ్చేసరికి రూతు ఆకలంది. నాకు వంట చేసే ఓపిక లేక, బీసెంట్ రోడ్డులో కొన్న టమాటా సూపు ప్యాకెట్ చింపాను. పోయిన వారం ఉత్త నీళ్ళలో కాచి ఇస్తే చప్పగా ఉందని పిల్ల ముట్టుకోలేదు. అందుకని ఇవాళ రెండు టమాటాలు ఉడికించి, పిసికి కలిపాను. మిరియాలు దంచి వేశాను. కాస్త అన్నం మెదిపి వేశాను. చివర్లో, మా ఆవిడ సుగుణ చారుకి పెట్టినట్టే నేతిలో వెల్లుల్లి వేయించి తాలింపు పెట్టాను.

రూతు గిన్నె నాకేసింది. "చాలా బాగుంది నాన్నా, రోజూ ఇదే చెయ్యి" అంది.

సుగుణ పోయాక అది ఇంత ఇష్టంగా తినడం ఇదే మొదలు. ఆ సంతోషంలో నోరు జారాను.

"అమ్మ చారు కూడా ఇలాగే ఉండేది కదమ్మా?"

అది చెంచా పట్టుకుని కాసేపు ఆలోచించింది. "ఎలా ఉండేదో గుర్తులేదు నాన్నా" అంది. అంతలో నా మొహం చూసి కంగారుపడి, "ఇలాగే ఉండేది, ఇలాగే ఉండేది" అంది.

ఆరేళ్ళ పిల్ల, నన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పింది. నేను నవ్వి ఇంకో గరిటెడు పోశాను.

సుగుణ గొంతు గుర్తుందో లేదో అడగాలనిపించింది. అడిగితే మళ్ళీ నాకోసం అబద్ధం చెబుతుందేమోనని అడగలేదు.