వేపాకు పొగ వేసిన ఆదివారం

చి.సౌ. కోడలు శ్రుతికి ఫరీదాబాదు నుంచి మామయ్య దీవించి రాయునది. ఇక్కడ నేనూ రఘునందనూ బాగానే ఉన్నాం. ఖమ్మంలో నువ్వూ మీ అమ్మానాన్నలూ బాగున్నారని తలుస్తాను. నావి కోడిగీతలు, కూడబలుక్కుని చదువుకో.

నీ ఉత్తరంలో అడిగినవాటికి చెబుతున్నాను. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. వంట రఘు చేస్తున్నాడు. అన్నం జావలా ఉంటోంది, తింటున్నాను. మీ ఆఫీసు ఇషిత ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది, లేచి తిరుగుతోంది. ఇంకొకటి అడిగావు. దానికి తర్వాత వస్తాను.

ఆ ఆదివారం మీ ఆఫీసు వాళ్ళను పిలిచి డాబా మీద బొగ్గుల పొయ్యి పెట్టావు కదా. వానలు పడి ఈగలు ముసురుతున్న రోజులు. నువ్వు గిన్నెలకు జాలీ మూతలు పెట్టావు, పచ్చి చికెన్ ఐసు పెట్టెలో ఉంచావు. నేను వేపాకు పొగ వేశాను. ఒక్క ఈగ వాలలేదని అందరూ మెచ్చుకుంటే మీసం దువ్వుకున్నాను. అప్పుడే నువ్వు వాళ్ళ ముందు, “మామయ్యా, పచ్చి ముక్కల పళ్ళెం వేరు, కాల్చినవాటి పళ్ళెం వేరు. కలపకండి” అన్నావు. వాళ్ళలో కిరీటి నవ్వి, “వినండి అంకుల్, లేకపోతే మేడం మార్కులు కోసేస్తారు” అన్నాడు. ఊళ్ళో ఎన్నో పెళ్ళిళ్ళకు మాంసం వండించినవాణ్ణి. ఒళ్ళు మండింది.

మర్నాడు ఇషితకు వాంతులు, విరేచనాలు, సెలైను. కిరీటికీ కడుపు పాడైంది. ఐసు పెట్టెకు మూత వేయడం కూడా చేతకాదా అని రఘు నీ మీద అరిచాడు. నువ్వు ఏడ్చుకుంటూ పుట్టింటికి వెళ్ళావు. నేను పక్క గదిలో కూర్చుని అంతా విన్నాను. నోరు తెరవలేదు.

ఇప్పుడు నువ్వడిగినది. “ఐసు పెట్టె మూత నేనే తెరిచి వదిలేశానా, మీరు చూశారా?” అని రాశావు. చూశాను. మూత వేసే ఉంది. నువ్వు పెరుగు పచ్చడి తేవడానికి కిందికి దిగినప్పుడు, పచ్చి ముక్కలు నానిన పళ్ళెంలో మసాలా మిగిలి కనిపించింది. మన ఇళ్ళలో మసాలా పారబోయం, గిన్నె కడిగి ఆ నీళ్ళు కూరలోనే పోస్తాం. కూరలో అయితే అది ఉడుకుతుంది. ఇక్కడ కాలిన ముక్కలు ఎండిపోయాయని వాటిని ఆ పచ్చి మసాలాలో పొర్లించి వడ్డించాను. తెలియక చేశానని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. నువ్వు వద్దన్నావనే చేశాను. నేనూ తిన్నాను, నాకేమీ కాలేదు. అందుకు ఇంకా సిగ్గుగా ఉంది.

నిన్న మెట్రో ఎక్కి ఆర్.కె. పురం వెళ్ళి ఇషితకు చెప్పాను. నా హిందీ ఆ పిల్లకు సగమే అర్థమైనట్టుంది. కోప్పడలేదు. “శ్రుతికి చెప్పారా అంకుల్?” అని మాత్రం అడిగింది. ఇంటికొచ్చి రఘుకు చెప్పాను. తింటున్నవాడు చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నీకు ఫోను చేయడానికి వాడికి మొహం చెల్లడం లేదు.

నిన్ను రమ్మని రాసే హక్కు నాకు లేదు. మీ ఆఫీసు వాళ్ళ ఇల్లిల్లూ తిరిగి, “మా కోడలు వద్దంది, నేనే చేశాను” అని చెబుతాను. ఆ తర్వాత నీ ఇష్టం.

క్షమించమని ఒక వాక్యం రాసి, చేత కాక కొట్టేశాను. కొట్టేసిన చోట కూడా చదువు.

ఇట్లు,
నీకు తలవంపులు తెచ్చిన మామయ్య
భీమశంకరం